ఆ రాత్రికి ఏ ఫ్లాట్?

టెలిస్కోపు కెమెరా తీసిన బొమ్మ తీసింది తీసినట్టుగా లెక్కకు పనికిరాదు. నక్షత్రం పంపిన వెలుగుతో పాటు కెమెరా సొంత గుణాలూ అందులో కలిసిపోయి ఉంటాయి. వెలుగు అసలు పడకపోయినా ప్రతి పిక్సెల్ ఏదో ఒక అంకె చూపిస్తుంది, అది బయాస్. చీకట్లో ఉంచినా వేడికి ఎలక్ట్రాన్లు పోగవుతాయి, అది డార్క్. ఒకే వెలుగు పడినా పిక్సెళ్ళన్నీ ఒకేలా స్పందించవు, ఫిల్టర్ మీద ధూళి ఉంటుంది, అంచుల్లో వెలుగు తగ్గుతుంది. వీటన్నిటినీ పట్టి ఇచ్చేది ఫ్లాట్. కిరాణా కొట్టులో తూకానికి ముందు పాసంగం చూసుకున్నట్టు, పరిశీలకులు రాత్రికి ముందూ వెనకా వీటిని తీసిపెట్టుకుంటారు. తీయడం పెద్ద కష్టం కాదు. ఏళ్ళ తరబడి పోగుపడ్డ వేల ఫైళ్ళలో ఏ బొమ్మకు ఏది వాడాలి, ఎవరు తేల్చాలి, తేల్చింది రేపు మారితే ఏం చేయాలి అన్నదగ్గర తగవులు మొదలవుతాయి.

నేను విన్న తగవు ఒక ఇంటి వరండాలో జరిగింది. బాబాయి ఉద్యోగమంతా రాత్రుళ్ళు టెలిస్కోపు దగ్గర మేలుకుని, పగలు ఐరాఫ్ అనే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని తన డేటా తానే శుభ్రం చేసుకున్న మనిషి. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు, ఒక అబ్జర్వేటరీకి డేటా పైప్‌లైన్ రాసే బృందంలో ఉంది. నేను ఎక్కువగా విన్నాను. ఉండబట్టలేక అన్నవి బ్రాకెట్లలో పెట్టాను.

అమ్మాయి: బాబాయ్, మా పైప్‌లైన్ ఇప్పుడు మనిషి చెయ్యి పడకుండానే నడుస్తోంది. రాత్రి డేటా రాగానే ఏ బొమ్మకు ఏ బయాస్, ఏ ఫ్లాట్, స్పెక్ట్రమ్ అయితే తరంగదైర్ఘ్యాలు తేల్చడానికి ఏ ఆర్క్ ల్యాంపు ఫైలు కావాలో అదే వెతుక్కుంటుంది. విడి ఫైళ్ళను కలిపి మాస్టర్లు అదే తయారుచేసుకుంటుంది. పొద్దున కాఫీ తాగేలోపు శుభ్రం చేసిన బొమ్మలు ఆర్కైవ్‌లో ఉంటాయి. మీరేమో వినగానే మొహం చిట్లిస్తారు.

బాబాయి: చిట్లించలేదమ్మా. "వెతుక్కుంటుంది" అన్నావు చూడు, అక్కడ ఆగాను. దేన్ని చూసి వెతుక్కుంటుంది?

అమ్మాయి: ఫిట్స్ ఫైలు హెడర్ చూసి. ఎక్స్‌పోజర్, ఫిల్టర్, బిన్నింగ్, గెయిన్, డిటెక్టర్ ఉష్ణోగ్రత, అన్నీ అందులోనే ఉంటాయి కదా.

బాబాయి: ఫిల్టర్ పేరు ఎవరు రాస్తారు?

అమ్మాయి: ఇప్పుడైతే సాఫ్ట్‌వేరే రాస్తుంది. పాత డేటాలో పరిశీలకులు టైపు చేసినవి ఉన్నాయి. ఒకరు పెద్ద ఆర్, ఒకరు చిన్న ఆర్, ఇంకొకరు ముందు ఒక ఖాళీ వదిలి ఆర్. అందుకని అన్నిటినీ చిన్నక్షరాల్లోకి మార్చి పోల్చమని మా కుర్రాడొకడు ప్రోగ్రాంలో ఒక లైను రాశాడు.

బాబాయి: రాశాడా! పెద్ద ఆర్ అంటే బెస్సెల్ ఫిల్టర్, చిన్న ఆర్ అంటే స్లోన్ ఫిల్టర్. గాజు వేరు, తరంగదైర్ఘ్యాల పరిధి వేరు, మీద కూర్చున్న ధూళి వేరు. రెండిటినీ ఒకే కుప్పలో పోశాడన్నమాట.

అమ్మాయి: ఆ లైను తీసేశాం లెండి. ఇప్పుడు పేర్ల పట్టిక ఒకటి ఉంది. ఫలానా కాలంలో ఫలానా రాత కనిపిస్తే ఫలానా ఫిల్టర్ అని. తెలియని రాత వస్తే ప్రోగ్రాం ఆగుతుంది. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి మీరు. అదే తప్పు చేత్తో పనిచేసే మనిషి చేస్తే తన ఒక్కడి డేటాలో చేస్తాడు, ఎవరికీ తెలియదు. ప్రోగ్రాం చేస్తే అన్ని రాత్రుల్లోనూ చేస్తుంది, అందరి కళ్ళలోనూ పడుతుంది. అన్నిచోట్లా ఒకేసారి దిద్దచ్చు కూడా.

బాబాయి: కళ్ళలో పడేలోపు ఎన్ని పేపర్లు అచ్చవుతాయో! సరే, రాత్రి సంగతి చెప్పు. ఈ ఫైళ్ళన్నీ ఒకే రాత్రివని ఎలా పోల్చుకుంటుంది? తేదీ చూసేనా?

అమ్మాయి: అడుగుతారని తెలుసు.

బాబాయి: హెడర్లో తేదీ యూనివర్సల్ టైమ్‌లో ఉంటుంది. అది మన తెల్లవారు ఐదున్నరకు మారుతుంది. లడఖ్‌లో హాన్లే తీసుకో. జూన్‌లో అక్కడ ఐదు దాటిన కాసేపటికే సూర్యోదయం. ఆకాశం తెలుపెక్కేటప్పుడు తీసే ఫ్లాట్లు ఐదులోపే అయిపోతాయి, రాత్రి డేటాతో పాటు వాటికీ ఒకే తేదీ పడుతుంది. డిసెంబర్‌లో ఏడు దాటితేగాని సూర్యుడు రాడు. ఫ్లాట్లు తీసేసరికి ఆరున్నర. వాటికి మర్నాటి తేదీ. జూన్‌లో పరీక్షించి భేష్ అనుకున్న ప్రోగ్రాం చలికాలం వచ్చేసరికి తెల్లవారు ఫ్లాట్లే లేవంటుంది.

అమ్మాయి: అందుకే మేం తేదీ చూడం, జూలియన్ డే చూస్తాం. అది యూనివర్సల్ టైమ్ మధ్యాహ్నం పన్నెండుకు, అంటే మన సాయంత్రం ఐదున్నరకు మారుతుంది. జూన్ అయినా డిసెంబర్ అయినా చీకటి పడ్డాక తీసిన డేటా, తెల్లవారు ఫ్లాట్లు ఒకే అంకె కిందికి వచ్చేస్తాయి.

(మధ్యాహ్నానికి రోజు మార్చడం ఐరోపా ఖగోళజ్ఞులు తమ రాత్రి రెండు ముక్కలు కాకుండా చేసుకున్న ఏర్పాటు. అది మన సాయంత్రానికి కలిసిరావడం మన అదృష్టం. హవాయి వాళ్ళకు అదే అంకె అర్ధరాత్రి దాటిన రెండు గంటలకు మారుతుంది. ఇక్కడి ప్రోగ్రాం అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళు చూసుకోవాలి.)

బాబాయి: ఇది బాగానే ఉంది. ఒప్పుకున్నాను. ఇప్పుడు అసలు ప్రశ్న. 9వ తేదీ రాత్రి ఆర్ ఫిల్టర్‌లో డేటా తీశారు. ఆ సాయంత్రం మబ్బు, తెల్లవారు మబ్బు, ఫ్లాట్లు లేవు. 3న తీసినవి ఉన్నాయి, 11న తీసినవి ఉన్నాయి. మీ ప్రోగ్రాం ఏది తీసుకుంటుంది?

అమ్మాయి: 11వి. కాలంలో దగ్గరివి కదా.

బాబాయి: 10వ తేదీ పగలు ఫిల్టర్ చక్రం విప్పి తుడిచారు.

అమ్మాయి: అయ్యో.

బాబాయి: 9న తీసిన బొమ్మలో పాత ధూళి వలయాలు ఉన్నాయి. ఫిల్టర్ మీద రేణువు ఫోకస్‌లో ఉండదు గనక దాని నీడ చుక్కలా పడదు, వలయంలా పడుతుంది. 11న తీసిన ఫ్లాట్‌లో ఆ వలయాలు లేవు. తుడిచేటప్పుడు కొత్తగా వాలినవి వేరేచోట ఉన్నాయి. భాగిస్తే పాత వలయం నల్లగా అలాగే మిగిలిపోతుంది, కొత్త వలయం ఉన్నచోట తెల్లగా ఇంకోటి పుడుతుంది. నీ నక్షత్రం ఆ తెల్ల వలయం మీద పడిందనుకో, ఆ రాత్రి అది ఒకటి రెండు శాతం వెలిగినట్టు లెక్క తేలుతుంది. ఎవడో ఒకడు దానికి కారణం వెతుకుతూ సిద్ధాంతం రాస్తాడు. ఆరు రోజులు పాతదైనా 3న తీసిందే సరైన ఫ్లాట్. కాలంలో దగ్గరిది అన్నది సూత్రమే కాదు.

అమ్మాయి: సరే, తుడిచారని మీకెలా తెలిసింది?

బాబాయి: లాగ్‌బుక్కులో ఉంటుంది. లేదా తుడిచినవాడికి తెలుస్తుంది.

అమ్మాయి: అదే మా బాధ. ఆయన రిటైరైతే? లాగ్‌బుక్కు బీరువాలో ఉండి బీరువా తాళం వేరేవాళ్ళ దగ్గరుంటే? మీ తరం ఈ జ్ఞానాన్ని బుర్రలో పెట్టుకుంది, మహా అయితే కాగితం మీద పెట్టింది. నేనడిగేది దాన్ని ప్రోగ్రాం చదవగలిగేచోట పెట్టమని. ఫిల్టర్ తుడిచిన రోజు, డిటెక్టర్ వేడెక్కించి మళ్ళీ చల్లబరిచిన రోజు, అద్దానికి అల్యూమినియం పూత కొత్తగా వేసిన రోజు, ఎలక్ట్రానిక్స్ బోర్డు మార్చిన రోజు. ఈ ఘటనల పట్టిక ఉంటే, ఏ ఫ్లాటూ ఘటన గీత దాటి అవతలికి వెళ్ళకూడదు అని ఒక్క నియమం రాస్తే చాలు. అప్పుడు ఆ గీతకు ఇవతల దగ్గరిది వెతకచ్చు.

బాబాయి: ఇప్పుడు దారికొచ్చావు.

అమ్మాయి: దారికి రావడం కాదు, ఇది కొత్తేమీ కాదు. చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి క్యాలిబ్రేషన్‌కీ చెల్లుబాటు కాలం ఉంటుంది, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని. తయారుచేస్తే సరిపోదు, పరీక్షించి, ఈ కాలానికి ఇది చెల్లుతుందని ధ్రువీకరిస్తేనే పైప్‌లైన్ ముట్టుకుంటుంది. హబుల్ ఫైళ్ళకు "ఫలానా తేదీ తరవాత వాడండి" అన్న గుర్తు ఉంటుంది. అది నేల మీద పరీక్షల్లో పుట్టిందా, అంతరిక్షంలో కొలిచిందా, లేక చోటు నింపడానికి పెట్టిన డమ్మీయా అన్నది కూడా హెడర్లోనే రాస్తారు.

బాబాయి: డమ్మీ అని నిజంగా రాస్తారా?

అమ్మాయి: రాస్తారు. దాచరు.

బాబాయి: అది నచ్చింది. మన దగ్గర డమ్మీని డమ్మీ అని రాసేవాడుంటే సగం కష్టాలు పోయేవి. కానీ ఒకటి చెప్పు. అన్నిటికీ ఒకే తీరు చెల్లుబాటు ఎలా పెడతావు? బయాస్ కుదురుగా ఉంటే వారాలు నడుస్తుంది. ఆప్టికల్ సీసీడీని మైనస్ వంద డిగ్రీల దాకా చల్లబరిస్తే డార్క్ దాదాపు లెక్కలోకి రాదు. అదే ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్‌కు ఎక్స్‌పోజర్‌కు సరిపడే డార్క్ లేకపోతే బొమ్మే లేదు. స్పెక్ట్రోగ్రాఫ్ సంగతి ఇంకా మొండిది. టెలిస్కోపు వాలేకొద్దీ దాని బరువుకు అదీ రవ్వంత వంగుతుంది. నడినెత్తిన చూస్తూ తీసిన ఆర్క్ ల్యాంపు, పడమట దిగుతున్న నక్షత్రానికి పనికిరాదు. ఒకే రాత్రి, ఒకే గంట, అయినా పనికిరాదు. అక్కడ చెల్లుబాటు గడియారంలో లేదు, టెలిస్కోపు చూసే దిక్కులో ఉంది.

అమ్మాయి: అది నిజం. అందుకే మా నియమాలు ఫైలు రకాన్ని బట్టి వేరువేరు. యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ వాళ్ళు దీన్ని క్యాలిబ్రేషన్ కాస్కేడ్ అంటారు, మెట్లుమెట్లుగా దిగే ప్రవాహం. బయాస్‌లోంచి ఫ్లాట్, ఫ్లాట్ సాయంతో ఆర్క్, అన్నీ కలిసి బొమ్మ. పై మెట్టులో బయాస్ చెడితే దాన్నుంచి వచ్చిన ప్రతి ఫ్లాటూ, ప్రతి బొమ్మా చెడుతుంది. ఇన్ని మెట్లు మనిషి ఎక్కడ గుర్తుపెట్టుకుంటాడు బాబాయ్? ప్రతి మాస్టర్ ఏ ఫైళ్ళ నుంచి పుట్టిందో, అవి దేన్నుంచి పుట్టాయో వరసగా రాసుకునేది ప్రోగ్రామే. ఒక బయాస్ చెడ్డదని తేలితే, దాని కింద చెడినవి ఎన్నో ఒక్క ప్రశ్నతో బయటికొస్తాయి. మీ పద్ధతిలో ఏముంది? ఫోల్డర్‌లో "ఫ్లాట్ ఆర్ ఫైనల్", దాని పక్కన "ఫ్లాట్ ఆర్ ఫైనల్ కొత్తది", దాని పక్కన "ఇదే వాడండి".

(ఇక్కడ బాబాయి నవ్వేశాడు. ఆ మూడో పేరు ఫైళ్ళు చూడని అబ్జర్వేటరీ ఉండదేమో. కొత్త ఫైలుకు పాత పేరే పెట్టి మీద రాసేయడం ఇంతకంటే పెద్ద పాపం. పేరు ఒకటే, లోపల సరుకు వేరు. ఫిట్స్ ఫైలుకు చెక్‌సమ్ రాసుకునే వసతి ఉంది. వాడితే ఈ మోసం వెంటనే బయటపడుతుంది. వాడేవాళ్ళే తక్కువ.)

బాబాయి: సరే, వంశవృక్షం ప్రోగ్రామే రాసుకోనీ. కానీ మంచి చెడ్డలు ఎవరు చూస్తారు? సాయంసంధ్య ఫ్లాట్లు తీసేటప్పుడు ఆకాశం నిమిష నిమిషానికీ మసకబారుతుంది. పట్టుమని కొన్ని నిమిషాలే వీలుంటుంది. ఆ నిమిషాల్లో సన్నటి మబ్బు ఒకటి ఫీల్డ్‌లోంచి దాటిందనుకో. ఫ్లాట్ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. హెడర్లో అంతా సవ్యంగానే ఉంటుంది. ఫిల్టర్ సరి, ఉష్ణోగ్రత సరి, కౌంట్లు సరి. నేను తెర మీద ఒక్కసారి చూసి పక్కన పడేస్తాను. మీ ప్రోగ్రాం నమ్మి మాస్టర్‌లో కలిపేసుకుంటుంది.

అమ్మాయి: కలపదు. ప్రతి ఫ్లాట్‌నీ గత నెల మాస్టర్‌తో భాగించి చూస్తుంది. మొత్తం మీద ఒకవైపు వాలు కనిపిస్తే గుర్తుపెట్టి పక్కన పెడుతుంది. మీరు చూసేది ఇరవై ఫ్లాట్లు, అదీ నిద్రకళ్ళతో. అది అన్నిటినీ చూస్తుంది.

బాబాయి: గత నెల మాస్టర్‌కే వాలుంటే?

అమ్మాయి: అప్పుడు మీరు కావాలి. కాదని నేనెప్పుడన్నాను?

బాబాయి: అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ఏ ఫ్లాటూ పనికిరాలేదు. ఘటన గీతకు ఇవతల ఒక్కటీ లేదు. అప్పుడు?

అమ్మాయి: అప్పుడు ఉన్నవాటిలో తక్కువ చెడ్డది తీసుకుని, బొమ్మ మీద హెచ్చరిక రాసి ఇచ్చేస్తాం.

బాబాయి: ఇవ్వకూడదు. ఆగిపోవాలి. తప్పు అంకె కంటే అంకె లేకపోవడం మేలు.

అమ్మాయి: ఆగిపోతే నడవదు బాబాయ్. హాన్లేలోనే 70 సెంటీమీటర్ల రోబో టెలిస్కోపు ఉంది, గ్రోత్ ఇండియా అని. 2018 నుంచి నడుస్తోంది. గామా కిరణాల పేలుడు జరిగిందని అర్ధరాత్రి కబురొస్తే మనిషి లేవకుండానే అది అటు తిరుగుతుంది. ఆ పేలుడు వెలుగు గంటల్లో ఆరిపోతుంది. రేపు తెల్లవారు ఫ్లాట్లు వచ్చాక లెక్క చెబుతామంటే, పెద్ద టెలిస్కోపుల వాళ్ళు అటు తిప్పాలో వద్దో ఎలా తేల్చుకుంటారు? పది శాతం తప్పున్నా సరే, ఐదు నిమిషాల్లో అంకె కావాలి వాళ్ళకి. వారం కిందటి ఫ్లాట్ చాలు. తరవాత మంచి ఫ్లాట్‌తో మళ్ళీ చేసుకోవచ్చు.

బాబాయి: "తరవాత మళ్ళీ" అన్నది ఎన్నిసార్లు జరుగుతుంది? తొందరలో ఇచ్చిన అంకె సర్క్యులర్‌లోకి వెళుతుంది. సర్క్యులర్ నుంచి ఇంకొకరి పట్టికలోకి, పట్టిక నుంచి పేపర్‌లోకి. హెచ్చరిక మాత్రం ఫైలు హెడర్లోనే ఉండిపోతుంది. అంకె ఊళ్ళు తిరుగుతుంది, హెచ్చరిక ఇల్లు కదలదు.

(ఈ విషయంలో నేను బాబాయి పక్షం. తొందర అంకెలు ఇవ్వద్దని కాదు. వాటికి ఆర్కైవ్‌లో వేరే గది, వేరే పేరు ఉండాలి. శుభ్రమైన అంకె అదే పేరుతో వచ్చి పక్కన కూర్చుంటే ఎవరూ తేడా చూడరు. అమ్మాయి దీనికి ఒప్పుకుంది గానీ, "రెండు గదులంటే రెండింతల డిస్కు" అని గొణిగింది.)

అమ్మాయి: మీ భయం నాకర్థమైంది. మీకు అంకె మారడం ఇష్టం లేదు. నాకు తప్పని తెలిసిన అంకె మారకుండా ఉండిపోవడం ఇష్టం లేదు. జేమ్స్ వెబ్ సంగతే చూడండి. 2022 జూలైలో మొదటి డేటా బయటికొచ్చింది. నియర్‌క్యామ్ కెమెరాకు అప్పటికి ఉన్న ప్రకాశ క్యాలిబ్రేషన్ ఇంకా పూర్తిగా ఆకాశంలో సరిచూసింది కాదు. కొన్ని డిటెక్టర్లలో పది, ఇరవై శాతం స్థాయిలో తేడాలు బయటపడ్డాయి. ఆ ఏడాది శరదృతువు దాకా క్యాలిబ్రేషన్ ఫైళ్ళు మారుతూనే వచ్చాయి. మేసీ గెలాక్సీ అని ఒకటుంది, పరిశోధకుడు తన కూతురి పేరు పెట్టుకున్నాడు. మొదట దాని రెడ్‌షిఫ్ట్ 14 దగ్గరన్నారు. సరిచేసిన క్యాలిబ్రేషన్‌తో మళ్ళీ లెక్కేస్తే 12 దగ్గరికి దిగింది. తరవాత స్పెక్ట్రమ్ తీస్తే 11.4 అని తేలింది. పాత ఫైళ్ళనే పట్టుకుని కూర్చుంటే ఏమయ్యేది?

బాబాయి: ఆ కథలో నాకు కనిపించేది వేరు. ఒకే ముడి డేటా. రెండు బృందాలు మూడు వారాల తేడాతో దింపుకున్నాయి. ఒకే గెలాక్సీకి రెండు ప్రకాశాలు వచ్చాయి. గెలాక్సీ మారలేదు, ఆకాశం మారలేదు. మారింది ఎక్కడో సర్వర్‌లో ఒక ఫైలు. ఆ సంగతి రెండో బృందానికి ఎలా తెలుస్తుంది?

అమ్మాయి: తెలుస్తుంది. వెబ్ ఫైలు ప్రతిదాని హెడర్లోనూ ఏ క్యాలిబ్రేషన్ సమితి వాడారో నంబరుతో సహా ఉంటుంది. పీమ్యాప్ అంటారు. నాలుగంకెల సంఖ్య. ఆ సంఖ్య చెబితే ఆ రోజు ఏ నియమాలు అమల్లో ఉన్నాయో, ఏ ఫైలు ఎంపికయ్యేదో అచ్చం అలాగే తిరిగి రప్పించచ్చు. పాత సమితిని చెరపరు, కొత్తది పక్కన వస్తుంది. మంచి పేపర్లలో ఆ నంబరు రాస్తున్నారు కూడా.

బాబాయి: అదే నేనడిగింది! ఎంపిక చేసిన ఫైలు ఒక్కటే ఉంటే చాలదు, ఎంపిక చేసిన నియమం కూడా దాచాలి. పదిహేనేళ్ళు ఒకే నక్షత్రాన్ని గమనించినవాడిని నేను. మధ్యలో ఎవరో మంచి మనసుతో ఫ్లాట్లు మెరుగుపరిచారు. ఆ రోజు నుంచి నా నక్షత్రం ఒక మెట్టు దిగినట్టు కనిపించింది. నాకు కావలసింది మెరుగైన ఫ్లాట్ కాదు. మొదటినుంచీ చివరిదాకా ఒకే తీరు ఫ్లాట్.

అమ్మాయి: మొదటినుంచీ చివరిదాకా కొత్త ఫ్లాట్‌తో మళ్ళీ చేస్తే మెట్టూ ఉండదు, మెరుగూ ఉంటుంది. ముడి డేటా ఉంది కదా!

బాబాయి: ముడి డేటా ఉంటే.

అమ్మాయి: ఉంటే.

(ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. ఆ "ఉంటే" దగ్గర ఆగని వాళ్ళుండరు ఈ రంగంలో. ఈ తగవు చిన్నదేమీ కాదు. 2014లో సూపర్‌నోవాల పెద్ద విశ్లేషణ ఒకటి విశ్వంలో పదార్థం వాటాను 0.295 అని చెప్పింది. అంతకుముందు విలువ కంటే అది పెరగడానికి ముఖ్య కారణం కొత్త సూపర్‌నోవాలు కావు, కెమెరాల ప్రకాశ క్యాలిబ్రేషన్‌ని సరిదిద్దడం.)

బాబాయి: నీకు హైదరాబాదు సంగతి చెప్పాలి. నిజామియా అబ్జర్వేటరీ, నవాబ్ జఫర్ జంగ్ 1901లో పెట్టింది. 1887లో పారిస్‌లో ఖగోళజ్ఞులు కూడి ఆకాశమంతా ఫొటో ప్లేట్ల మీదికెక్కించాలని తీర్మానించారు కదా, ఆ ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగులో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాదు వాటాకు వచ్చింది. తరవాత ఉత్తరాన ఇంకో పట్టీలో కొంత కూడా తీశారు. ప్లేటు మీద ఒక్కో నక్షత్రం స్థానాన్ని అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత అని కొలిచి పుస్తకాలుగా అచ్చువేశారు. ఆకాశంలో దాని అసలు స్థానం తేల్చాలంటే వేరే స్థిరాంకాలు కావాలి, ప్లేటు ఎటు వాలింది, ఎంత సాగింది అన్నవి. ఆ కేటలాగులో కొలత కొలతగానే ఉంచారు. స్థిరాంకాలు వేరే ఇచ్చారు.

అమ్మాయి: అవి అప్పటి రిఫరెన్స్ నక్షత్రాలతో తేల్చినవి. అప్పటికి ఆ స్థానాలు అంతంతమాత్రం.

బాబాయి: అంతంతమాత్రమే. అందుకే దశాబ్దాల పాటు ఆ పుస్తకాలను పెద్దగా పట్టించుకున్నవాడు లేడు. తరవాత హిప్పార్కస్ ఉపగ్రహం వచ్చింది. ఆ పాత కొలతలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించారు, హిప్పార్కస్ స్థానాలు వచ్చాక కొత్త రిఫరెన్స్‌తో మళ్ళీ లెక్కగట్టారు. 2000లో టైకో-2 కేటలాగు వచ్చింది, 25 లక్షల నక్షత్రాల సొంత చలనాలతో. వందేళ్ళ కిందటి స్థానానికీ ఇప్పటి స్థానానికీ తేడా చూసి తేల్చిన చలనాలవి. హైదరాబాదులో కొలిచిన అంకెలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి.

అమ్మాయి: బాబాయ్, ఇది నా వాదనే! కొత్త క్యాలిబ్రేషన్ వచ్చింది, పాత డేటా మొత్తాన్ని మళ్ళీ చేశారు, పనికిరాదనుకున్నది పనికొచ్చింది.

బాబాయి: నీ వాదన ఎలాగవుతుంది? వాళ్ళు తెలివైనవాళ్ళమనుకుని కొలతలోనే స్థిరాంకాలు కలిపేసి, తుది స్థానాలు మాత్రమే అచ్చేసి ఉంటే, తొంభైల్లో ఎవడు విడదీసేవాడు? వేరుగా ఉంచారు గనక దక్కింది. మీ పైప్‌లైన్ పొద్దున కాఫీలోపు "శుభ్రం చేసిన" బొమ్మ ఇస్తుందన్నావే, దాన్ని దింపుకున్నవాడి దగ్గర ముడి బొమ్మ ఉంటుందా? ఆ రాత్రి ఫ్లాట్లుంటాయా?

అమ్మాయి: ఆర్కైవ్‌లో ఉంటాయి. ఒక్క నొక్కుతో బొమ్మతో పాటు దాని ముడి క్యాలిబ్రేషన్ ఫైళ్ళన్నీ కట్టగట్టి వస్తాయి. యూరోపియన్ వాళ్ళ ఆర్కైవ్‌లో అయితే ముడివి కావాలా, మాస్టర్లు కావాలా అని కూడా అడుగుతుంది. మేం మాస్టర్లను కొంతకాలమే ఉంచుదామనుకుంటున్నాం. ముడి ఫ్లాట్లుంటాయి, ప్రోగ్రాం ఉంటుంది, కావాలంటే ఎప్పుడైనా మళ్ళీ తయారవుతాయి.

బాబాయి: ప్రోగ్రాం ఉంటుందని ఎవరు చెప్పారు? ఐరాఫ్ చూడు. లోకంలో సగం మంది ఖగోళజ్ఞులు దానిమీదే బతికారు. 2013లో దాన్ని పుట్టించిన సంస్థే చేతులెత్తేసింది. కొందరు అభిమానులు పూనుకుని ఇంకా నడిపిస్తున్నారు గానీ, ముప్ఫై ఏళ్ళ కిందటి ఐరాఫ్‌తో నేను కలిపిన మాస్టర్ ఫ్లాట్‌ని ఈరోజు బిట్టు తేడా లేకుండా మళ్ళీ తయారుచేసి చూపించు.

అమ్మాయి: చూపించలేను. ఫ్లాట్లు కలిపేటప్పుడు మీరు ఏ పిక్సెళ్ళను విసిరేయమన్నారో, ఆ హద్దులేమిటో నాకు తెలియదు.

బాబాయి: అందుకని మాస్టర్లూ ఉంచండి. డిస్కు చవకైపోయింది. నా గంటలు తిరిగి రావు.

అమ్మాయి: సరే, మాస్టర్లూ ఉంచుతాం. పేపర్లలో వాడినవి మాత్రం.

బాబాయి: పేపర్లో వాడారో లేదో నీకెలా తెలుస్తుంది?

అమ్మాయి: ...సరే, అన్నీ ఉంచుతాం. మా మేనేజరుకు మీరే చెప్పండి. బదులుగా నాక్కావలసింది ఒకటుంది. మీ లాగ్‌బుక్కులు. ఫిల్టర్లు తుడిచిన రోజులు, చల్లదనం పోయి డిటెక్టర్ వేడెక్కిన రాత్రులు, మబ్బుందని ఫ్లాట్లు పక్కన పెట్టిన సాయంత్రాలు. అవన్నీ ఘటనల పట్టికలోకి ఎక్కించాలి. ఫైలు ఎంపిక ఎందుకు మారిందో ప్రతి బొమ్మ హెడర్లో ఒక లైను పడాలి.

బాబాయి: ఎంత లైను?

అమ్మాయి: ఫిట్స్ హెడర్లో లైనుకు 80 అక్షరాలు. పంచ్ కార్డుల కాలం నాటి కొలత.

బాబాయి: 80 అక్షరాల్లో ఇమడదు. "సాయంత్రం పడమటి వైపు సన్నమబ్బు, ఫ్లాట్లు మొదటి మూడు వదిలెయ్యి, నాలుగు నుంచి పర్వాలేదు, ఐదోదానిలో ఉపగ్రహం గీత ఉంది" అని రాసుకున్నాను ఒకచోట.

అమ్మాయి: హిస్టరీ లైన్లని ఉంటాయి, ఎన్నైనా పెట్టచ్చు. కానీ బాబాయ్, అది తెలుగులో ఉంది.

బాబాయి: సగం లాగ్‌బుక్కు తెలుగులోనే ఉంది. రాత్రి మూడింటికి నాకు ఇంగ్లీషు ఎక్కడొస్తుంది?

అమ్మాయి: ఫిట్స్ హెడర్ ఆస్కీ అక్షరాలు తప్ప ఒప్పుకోదు. తెలుగు పెడితే ఫైలే చెల్లదు. నేను ఇంగ్లీషులోకి మార్చి పెడతాను.

బాబాయి: మార్చితే "పర్వాలేదు" అన్నదాన్ని ఏమని రాస్తావు? వాడచ్చనా, తప్పకపోతే వాడమనా?

అమ్మాయి: మీరు ఏమనుకుని రాశారు?

బాబాయి: ఆ రాత్రి ఫ్లాట్ తెర మీద పెట్టి చూస్తేగాని చెప్పలేను. పంపించు, చూస్తాను.